సాలూరి రాజేశ్వరరావు: తెలుగు పాట గొంతు తగ్గించి పలికిన కాలం

సాలూరి రాజేశ్వరరావు గారి జీవితం గురించి, సంగీత ప్రస్థానం గురించి వివరంగా చెప్పమని అడిగారు. ఘంటసాల, పెండ్యాల, సుసర్ల దక్షిణామూర్తి, మాస్టర్ వేణు వంటి ఉద్దండులంతా ఒకే కాలంలో పనిచేసినప్పుడు, సంగీతం తెలిసినవారు ఈయన పేరును మాత్రం కాస్త వేరుగా, ప్రత్యేకమైన ఆదరంతో ఎందుకు తలుస్తారని కూడా అడిగారు. రెండో ప్రశ్నకు నా సమాధానం ముందే చెప్పి, తరువాత జీవిత విశేషాల్లోకి వెళతాను. నాటక రంగస్థలం మీద పెద్ద గొంతుతో పాడటానికి అలవాటుపడిన తెలుగు పాట సినిమాలోకి వచ్చినప్పుడు, దాని గొంతు తగ్గించి, పక్కనే కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నంత దగ్గరగా పాడించినవారిలో రాజేశ్వరరావు గారు అగ్రగణ్యులు. ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే ఆయన పాటల్లో కనిపించే చాలా గుణాలు, కొన్ని పరిమితులు కూడా అర్థమవుతాయి.

ఆయన 1922 అక్టోబరు 11న సాలూరు దగ్గరి శివరామపురంలో జన్మించారు. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు, పాటలు రాయగల కవి కూడా. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కచేరీలకు మృదంగ సహకారం అందించినవారు. ఇంట్లో ఒకవైపు లయ, మరొకవైపు సాహిత్యం ఉండగా పెరిగిన పిల్లవాడికి పాట అంటే రాగం ఒక్కటే కాదని, మాట నడక కూడా పాటలో సగమని పసితనంలోనే తెలిసి ఉండాలి. సోదరుడు హనుమంతరావు గారితో కలిసి చిన్న వయసులోనే పాటకచేరీలు చేశారు. హనుమంతరావు గారు కూడా తరువాతి కాలంలో తెలుగు, కన్నడ చిత్రాలకు సంగీతం అందించారు. పదమూడేళ్ళు నిండకముందే రాజేశ్వరరావు గారి గొంతు హచిన్స్ గ్రామఫోన్ రికార్డుల్లోకి ఎక్కింది.

ఆ రికార్డులు విన్నవారి ద్వారానే సినిమా పిలుపు వచ్చింది. 1935లో వేల్ పిక్చర్స్ వారి 'శ్రీకృష్ణ లీలలు' చిత్రంలో ఆయన బాలకృష్ణుడు; కంసుడు వేమూరి గగ్గయ్య గారు; సంగీతం గాలిపెంచల నరసింహారావు గారు. ఈ ముగ్గురి కలయిక చరిత్రలో ఒక మలుపును చూపిస్తుంది కనుక ఇక్కడ కొంచెం ఆగాలి. గగ్గయ్య గారు రంగస్థలం తీర్చిదిద్దిన మహానటులు. శబ్దవర్ధక యంత్రాలు లేని రోజుల్లో డేరా చివర నేలమీద కూర్చున్న ప్రేక్షకుడికి కూడా పద్యంలోని ప్రతి అక్షరం వినిపించాలంటే గొంతు విప్పి, రాగాన్ని సాగదీసి, పై స్థాయిలో నిలిపి పాడక తప్పదు. ఆ అవసరమే ఒక గొప్ప గానపద్ధతిగా ఎదిగింది, దాన్ని తక్కువగా చూడటానికి వీల్లేదు. అయితే సినిమాలో శ్రోత చెవి మైక్రోఫోన్ దగ్గరికి వచ్చేసింది. నటులు కెమెరా ముందే పాడుతుండగా వాద్యకారులు కెమెరా కంటికి కనబడకుండా పక్కన కూర్చుని వాయించే ఆ తొలి రోజుల్లో ఈ మార్పును గుర్తించినవారు తక్కువ. చిన్న కృష్ణుడి సన్నని, మెత్తని గొంతు కంసుడి గంభీర కంఠానికి ఎదురుగా నిలబడి కూడా జనాన్ని ఆకట్టుకుందంటే, మైక్రోఫోను ఎటువైపు మొగ్గుతున్నదో అప్పుడే తెలిసిపోయింది. మరుసటి ఏడాది 'శశిరేఖాపరిణయం'లో ఆయనే అభిమన్యుడు. ఇరవయ్యేళ్ళ తరువాత 'మాయాబజార్'లో అదే కథకు, అదే అభిమన్యుడికి తాను వరుసలు, అంటే బాణీలు, కట్టవలసి వస్తుందని ఆ కుర్రవాడికి తెలిసే అవకాశం లేదు.

సినిమా పనిమీద కలకత్తా వెళ్ళిన రాజేశ్వరరావు గారు అక్కడే కొంతకాలం ఉండిపోయారు. ఆయన సంగీతానికి అసలైన విద్యాలయం ఆ నగరమేనని నా అభిప్రాయం. న్యూ థియేటర్స్ సంస్థలో ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్, కె.ఎల్. సైగల్ కలిసి భారతీయ సినిమా పాటకు ఒక రూపం ఇస్తున్న కాలమది. రవీంద్రసంగీతం మాటకు ఇచ్చే గౌరవం, హిందుస్తానీ ఠుమ్రీ, గజళ్ళలోని మెత్తదనం, పాశ్చాత్య వాద్యబృందపు అమరిక మూడూ అక్కడ ఒకే గదిలో వినిపించేవి. అన్నిటికన్నా ముఖ్యంగా సైగల్ పాడే తీరు ఉండేది. మైక్రోఫోనుకు దగ్గరగా, దాదాపు గుసగుసలాడినట్టు, ఊపిరి కూడా వినిపించేలా ఆయన పాడతారు. ఆ పాటలో విద్వత్తు ఉంటుంది గాని అది ప్రదర్శనకు రాదు. మృదంగ విద్వాంసుడి ఇంట కర్ణాటక సంగీతంలో పెరిగి, కౌమారంలోనే ఈ పద్ధతిని దగ్గరనుంచి చూసిన తెలుగువాడు అప్పటికి బహుశా ఆయన ఒక్కరే.

మద్రాసు తిరిగివచ్చాక 1939లో 'జయప్రద' చిత్రానికి సంగీతం సమకూర్చారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి 'ఇల్లాలు' చిత్రానికి సంగీతం చేయడమే కాక రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి నటించారు, పాడారు. బసవరాజు అప్పారావు గారి 'కావ్యపానము జేసి కైపెక్కినానే' అన్న గీతం ఆ చిత్రంలోనిదే. భావకవిత్వం పుస్తకం వదిలి సినిమాలోకి అడుగుపెట్టిన తొలి సందర్భాలలో ఇదొకటి. భావకవుల పాటలకు మెత్తని గొంతు కావాలి. కలకత్తా నుంచి వచ్చిన ఈ యువకుడి దగ్గర అది సిద్ధంగా ఉంది.

ఇక ఆ రోజుల్లో ఆయన విడిగానూ, బాలసరస్వతీదేవి గారితోనూ పాడిన ప్రైవేటు రికార్డుల గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 'తుమ్మెదా ఒకసారి', 'కోపమేలా రాధా', 'చల్లగాలిలో యమునాతటిపై', 'పాట పాడుమా కృష్ణా' వంటి గీతాలు గ్రామఫోను ఉన్న ఇళ్ళలో అరిగిపోయేదాకా మోగాయి. కొన్నింటికి తండ్రి సన్యాసిరాజు గారే సాహిత్యం రాశారు. సినిమా కథ లేదు, తెరమీద బొమ్మ లేదు, నటుల ఆకర్షణ లేదు. మూడు నిమిషాల పైచిలుకు నడిచే ఒక పక్క రికార్డులో పాట తన కాళ్ళమీద తాను నిలబడాలి. మన ఆకాశవాణి తరువాతి కాలంలో లలిత సంగీతం అని పేరుపెట్టి పెంచిపోషించిన ప్రక్రియకు బాలాంత్రపు రజనీకాంతరావు గారి కృషి ఎంత ముఖ్యమో ఈ రికార్డులూ అంత ముఖ్యం. వాటిని ఇవాళ వింటే వాద్యాలు పాతబడినట్టు అనిపించవచ్చు గాని గొంతు పాతబడలేదు. గాయకుడు ఎక్కడా గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరును, బరువుగా వేయడు. స్వరం మీద నిలబడేముందు పక్క స్వరాన్ని లేతగా తాకి వస్తాడు. లలిత సంగీతం నేర్చుకునేవారికి ఈ తాకిడిని చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణలు దొరకలేదు.

1940లలో ఆయన జెమినీ స్టూడియోలో చేరారు. ఎస్.ఎస్. వాసన్ గారి సంస్థలో జీతాల మీద పనిచేసే పెద్ద వాద్యబృందం ఉండేది; అందులో కర్ణాటక వాద్యకారులతో పాటు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి చదివి వాయించేవారూ ఉండేవారు. 1942లో 'బాలనాగమ్మ', 1948లో 'చంద్రలేఖ' ఆ కాలపు ఫలాలే. 'చంద్రలేఖ'లోని పెద్ద ఢంకాల నృత్యం దేశమంతటా పేరు పొందింది. ఆ చిత్రంలో కర్ణాటక, హిందుస్తానీ, పాశ్చాత్య ధోరణులు పక్కపక్కనే కనిపిస్తాయి. నాకైతే అందులో రాజేశ్వరరావు గారి మనసు కంటే చేతి పనితనం ఎక్కువ కనిపిస్తుంది. అయినా ఆ ఏళ్ళు వృథా కాలేదు. వాద్యబృందాన్ని నడపడం, ఒక వాద్యం ఎక్కడ ఆగితే గొంతుకు చోటు దొరుకుతుందో తెలుసుకోవడం ఆయనకు అక్కడే పట్టుబడ్డాయి.

ఆ చదువంతా పండిన చిత్రం 1951 డిసెంబరులో విడుదలైన 'మల్లీశ్వరి'. దర్శకుడు బి.ఎన్. రెడ్డి, కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి, సంగీతం రాజేశ్వరరావు, వాద్యబృందం కూర్పులో సహకారం అద్దేపల్లి రామారావు. కృష్ణశాస్త్రి గారికి అదే తొలి సినిమా. ఆయన మాటలు పల్లవి, చరణాల చట్రంలో కొలిచినట్టు ఉండవు. ఒక పాదం చిన్నది, మరొకటి పొడవు, మధ్యలో ఒక నిట్టూర్పు. అలాంటి రచనకు వరుస కట్టేటప్పుడు తాళంలో ఇరికించడానికి మాటను సాగదీయడమో, కుదించడమో చేయాలనిపిస్తుంది. రాజేశ్వరరావు గారు ఆ పని చేయలేదు. మాట ఎక్కడ ఆగాలో వరుసను అక్కడే ఆపారు. 'మనసున మల్లెల మాలలూగెనే' పాటలో భానుమతి గారి గొంతు ఒక పదం పలికి ఆగుతుంది, ఆ ఖాళీలో వాద్యం ఒక చిన్న జవాబు చెబుతుంది, మళ్ళీ గొంతు అందుకుంటుంది. నాయిక ఎదురుచూస్తున్నదన్న సంగతి ఆ ఆగడంలో ఉంది. సాహిత్యం తెలియని వ్యక్తి విన్నా ఎవరో ఎవరికోసమో ఎదురుచూస్తున్నారని తెలుస్తుంది.

అదే చిత్రంలో 'ఆకాశవీధిలో హాయిగా ఎగిరేవు' పాట ఇంకా కష్టమైన పని. నాయికా నాయకులు ఒకచోట లేరు, ఒకరి గొంతు ఒకరికి వినబడదు; ఇద్దరూ మేఘంతో మాట్లాడుతున్నారు. యుగళగీతమే గాని ఇద్దరూ కలిసి పాడుతున్నట్టు ఉండకూడదు, వేరువేరు పాటలుగా విడిపోనూ కూడదు. ఘంటసాల, భానుమతి గార్ల గొంతులు ఒకదాని తరువాత ఒకటి వచ్చినా, ఒకే దుఃఖం రెండుచోట్ల ఉన్నట్టు వినిపించేలా ఆ వరుస సాగుతుంది. విడిపోయినవారి మధ్య ఉండే దూరాన్ని వినిపించడంలో ఈయనను మించినవారు తెలుగులో లేరని నేను గట్టిగా నమ్ముతాను. ఆరేళ్ళ తరువాత 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టెలో ఒకరినొకరు చూసుకుంటూ శశిరేఖా అభిమన్యులు పాడే 'నీవేనా నను తలచినది' మళ్ళీ ఇలాంటి సన్నివేశమే. అక్కడ భీంపలాసి రాగంలో, తక్కువ స్వరాలతో, ప్రశ్న అడిగి జవాబుకోసం ఆగినట్టుండే వరుస ఇచ్చారు.

1954లో భరణీ వారి 'విప్రనారాయణ' వచ్చింది. సముద్రాల గారి సాహిత్యం, దానికి తోడు జయదేవుడి 'సా విరహే తవ దీనా' అష్టపది. నాయకుడు అక్కినేని గారికి ఎ.ఎం. రాజా గొంతు. భక్తుడైన నాయకుడికి గంభీరమైన గొంతు పెట్టడం అప్పటి అలవాటు కాగా, ఇక్కడ లేత గొంతు వినిపించింది. శృంగారానికి లొంగిపోబోయే ఒక సౌమ్యుడి కథకు అదే సరైనది. 'మధుర మధురమీ చల్లని రేయి' విన్నవారు ఈ మాట ఒప్పుకొంటారు. మరుసటి ఏడాది విజయా వారి 'మిస్సమ్మ'లో ఎన్.టి. రామారావు గారికీ రాజా గొంతే పాడింది. 'రావోయి చందమామ' పాటను పి. లీల, రాజా ఎంత తక్కువ శ్రమతో పాడారో గమనించండి. పింగళి గారి చిలిపి మాటలకు అంతకన్నా గొంతు పెంచితే వేళాకోళం చెడిపోతుంది. సావిత్రి పాత్ర చెల్లెలికి బుద్ధి చెబుతూ పాడే 'తెలుసుకొనవె చెల్లి', దానికి జవాబుగా నాయకుడు పాడే 'తెలుసుకొనవె యువతి' ఒకే వరుస. మొదటిసారి సుద్దుల్లా వినిపించిన స్వరాలు రెండోసారి ఎత్తిపొడుపులా వినిపిస్తాయి. వరుస మార్చకుండా భావాన్ని మార్చడం చాలా నమ్మకం ఉన్న స్వరకర్త మాత్రమే చేయగల పని. ఇక శుద్ధసావేరిలో కట్టిన 'బృందావనమది అందరిది' పాట ఎంత గట్టిదంటే, ఆ కథను హిందీలో 'మిస్ మేరీ'గా తీసినప్పుడు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ అయినా ఈ వరుస మాత్రం అక్కడికీ వెళ్ళింది.

1957 నాటి 'మాయాబజార్' విషయంలో ఒక సంగతి స్పష్టం చేయాలి, ఎందుకంటే చాలామంది ఆ చిత్రం సంగీతమంతా ఘంటసాల గారిదే అనుకుంటారు. మొదట ఆ చిత్రానికి రాజేశ్వరరావు గారే సంగీత దర్శకులు. 'శ్రీకరులు దేవతలు', 'లాహిరి లాహిరి లాహిరిలో', 'చూపులు కలిసిన శుభవేళ', 'నీవేనా నను తలచినది' అనే నాలుగు పాటల వరుసలు కట్టాక ఆయన తప్పుకొన్నారు. ఆపైన ఘంటసాల గారు బాధ్యత తీసుకుని మిగిలిన పాటలు, నేపథ్య సంగీతం సమకూర్చి చిత్రాన్ని పూర్తి చేశారు. ఇది ఘంటసాల గారి ఘనతను తగ్గించే విషయం కాదు. ఇద్దరి పనీ ఎక్కడా అతుకు కనబడకుండా కలిసిపోయిందంటే అది ఇద్దరికీ గౌరవమే. 'లాహిరి లాహిరి' గురించి ఒక్క మాట. మోహన రాగం అయిదు స్వరాలది. పెద్ద మలుపులు లేనిది. ఆ పాటలో పడవమీద మొదట శశిరేఖా అభిమన్యులు, తరువాత శ్రీకృష్ణుడు రుక్మిణి, చివరకు బలరాముడు రేవతి కనిపిస్తారు. మూడు జంటలు, మూడు వయసులు. పాడేవి మాత్రం ఘంటసాల, లీల గార్ల గొంతులే. పడుచువారి తమకానికీ, పెద్దవారి నెమ్మదికీ ఒకే వరుస సరిపోవాలి. వరుసలో ఏ వయసు ముద్రా లేకుండా, నీటి కదలిక ఒక్కటే ఉంచడం వల్ల అది సాధ్యమైంది.

ఇప్పటిదాకా చెప్పిన రాగాల పేర్లను ఒకసారి గమనించండి: మోహన, భీంపలాసి, శుద్ధసావేరి. తరువాతి పదేళ్ళ పాటల్లో హిందోళం, కల్యాణి, జయజయవంతి కూడా చేరతాయి. ఇవన్నీ కర్ణాటక, హిందుస్తానీ పద్ధతులు రెండింటిలోనూ, కొన్ని వేరే పేర్లతో, ఉన్న రాగాలు. ఆయన ఎక్కువగా మొగ్గిన చోటు ఇదే. కర్ణాటక శ్రోతకు తన ఇంటి రాగంలా తోస్తూనే, హిందుస్తానీ పద్ధతిలో స్వరాన్ని నిలిపి, నెమ్మదిగా జార్చే సౌకర్యం ఆయనకు ఈ రాగాల్లో దొరికింది. తోడి, భైరవి వంటి బరువైన గమకాల రాగాలను సినిమా పాటలో మెత్తగా పలికించడం కష్టం. వాటి జోలికి తక్కువగా వెళ్ళడం ఆయన వివేకం.

పాట తయారయ్యే పద్ధతి కూడా తెలిస్తే ఈ సున్నితత్వం విలువ మరింత అర్థమవుతుంది. ఆ రోజుల్లో గాయకులు, వాద్యకారులు అందరూ ఒకే హాలులో ఒకేసారి పాడి, వాయించి, ఒకే ట్రాకు మీద రికార్డు చేసేవారు. ఎవరు తప్పు చేసినా పాట మొదటినుంచి మళ్ళీ పాడవలసిందే. గొంతును తరువాత విడిగా పెంచుకోవడం, ఒక వాద్యాన్ని తగ్గించుకోవడం కుదరదు. కాబట్టి గాయని మెల్లగా పాడితే వినబడాలంటే, ఆ క్షణంలో వాద్యాలు ఎలా ఉండాలో వరుస కట్టేటప్పుడే నిర్ణయించాలి. ఆయన పాటల్లో మాట నడిచేటప్పుడు వాద్యాలు పలచబడి, మాట ఆగినప్పుడు ముందుకు రావడానికి కారణం ఇది. ఇవాళ యంత్రం చేసే పనిని ఆయన కూర్పులోనే చేసి పెట్టారు.

1960లు ఆయనకు ఎక్కువ చిత్రాలు తెచ్చాయి, అంత సమానమైన నాణ్యతను మాత్రం తేలేదు. 1961లో 'ఇద్దరు మిత్రులు', 1962లో 'భీష్మ', 'కులగోత్రాలు', 'ఆరాధన' చిత్రాల పాటలు బాగా ప్రజాదరణ పొందాయి. 'ఆరాధన'లోని 'నా హృదయంలో నిదురించే చెలి' పాటను ఆయన గొప్ప రచనల జాబితాలో చేర్చేవారికి ఒక మాట చెప్పడం న్యాయం. ఆ చిత్రానికి ఆధారం బెంగాలీ చిత్రం 'సాగరిక'; ఈ పాట వరుస కూడా అక్కడినుంచి వచ్చిందే. శ్రీశ్రీ మాటలు, ఘంటసాల గొంతు, రాజేశ్వరరావు గారి కూర్పు దానికి తెలుగు ప్రాణం పోశాయన్నది నిజమే గాని, వరుస కట్టిన గౌరవం మూలకర్తకు దక్కాలి. విజయవంతమైన హిందీ, బెంగాలీ వరుసలను వాడమని నిర్మాతలు కోరడం అప్పటి వాడుక. ఆ ఒత్తిడికి గురికాని సంగీత దర్శకులు తక్కువ.

1964 మాత్రం ఆయన సొంత గొంతు మళ్ళీ పూర్తిగా వినిపించిన సంవత్సరం. బి.ఎన్. రెడ్డి గారి 'పూజాఫలం'లో ఎస్. జానకి గారు పాడిన 'పగలే వెన్నెల' హిందోళంలో కట్టినది. హిందోళంలో పంచమం (ప) లేదు, రిషభం (రి) లేదు. అందుకే రాగంలో సహజంగానే ఒక రాత్రివేళ మసక ఉంటుంది. పగటిని వెన్నెల అని ఊహించుకునే సి. నారాయణరెడ్డి గారి సాహిత్యానికి అంతకంటే తగిన రాగం దొరకదు. అదే ఏడాది 'డాక్టర్ చక్రవర్తి'లో శ్రీశ్రీ రాసిన 'మనసున మనసై' పాటకు జయజయవంతి వాడారు. ఆ రాగంలో రెండు రకాల గాంధారాలు (గ), రెండు రకాల నిషాదాలు (ని) వస్తాయి. ఓదార్పు, వేదన ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. తోడు కోసం తపించే మనిషి పాడే పాటకు ఆ రెండూ కావాలి. ఆ చిత్రంలోనే 'నీవులేక వీణ', 'పాడమని నన్నడగవలెనా' పాటలు సుశీల గారి గొంతులోని నిర్మలత్వాన్ని పూర్తిగా వాడుకున్నాయి. 'అమరశిల్పి జక్కన'లో 'ఈ నల్లని రాలలో', 'దేశద్రోహులు' చిత్రంలో కల్యాణి రాగపు 'జగమే మారినది' కూడా ఆ సంవత్సరానివే. ఒకే ఏడాదిలో ఇన్ని మేలిరకం పాటలు ఇచ్చిన స్వరకర్తలు మనకు ఎంతోమంది లేరు.

బి.ఎన్. రెడ్డి గారితో ఆయన అనుబంధం ఆపైన 'రంగులరాట్నం', 'బంగారు పంజరం' చిత్రాల దాకా సాగింది. ఆ రెండింటికీ బి. గోపాలం గారూ పనిచేశారు. మొదటిదానిలో దాశరథి గారి 'నడిరేయి ఏ జాములో', రెండోదానిలో కృష్ణశాస్త్రి గారి 'పగలైతే దొరవేరా' నేటికీ లలిత సంగీత వేదికల మీద వినిపిస్తాయి. 1967లో ఎ.వి.ఎం. వారి 'భక్త ప్రహ్లాద'లో నారదుడిగా నటించిన బాలమురళీకృష్ణ గారికి పాటలు కట్టవలసి వచ్చినప్పుడు విద్వాంసుడి గొంతుకు తగిన శాస్త్రీయత చూపించారు. ఆ పని ఆయనకు రాక కాదు, ఎక్కువసార్లు అవసరం లేదని భావించారనడానికి అదొక నిదర్శనం.

ఇక పరిమితులు. పల్లెటూరి హోరు, జనపదాల ఊపు, ఉద్యమగీతాల ఆవేశం ఆయనకు సహజ ధోరణులు కావు. ఆ రకం పాటలు ఆయన చేసినవి ఉన్నాయి, కొన్ని మంచివీ ఉన్నాయి, కానీ మాస్టర్ వేణు గారి జానపద బాణీలు వినగానే ఆ తేడా తెలిసిపోతుంది. పౌరాణిక పద్యాలకు ఘంటసాల గారు ఇచ్చిన రూపం ముందు కూడా ఇతరులెవరూ నిలవరు. పైగా పాటను పదేపదే మార్చుకుంటూ తృప్తి పడేదాకా వదలని స్వరకర్తకు నిర్మాత తేదీలతో సరిపడటం కష్టం. తీరికగా పని చేయించుకోగల బి.ఎన్. రెడ్డి వంటి దర్శకుల దగ్గర ఆయన ఉత్తమ రచనలు గుంపుగా దొరకడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

1970లో 'చిట్టి చెల్లెలు' చిత్రానికి చేసిన 'ఈ రేయి తీయనిది' పాటలో అప్పటి యువగాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు వినిపిస్తుంది. 1977 'కురుక్షేత్రం'లో 'మ్రోగింది కళ్యాణవీణ', 1986లో 'తాండ్ర పాపారాయుడు' దాకా పని చేస్తూనే ఉన్నా, డెబ్బయిలలో సినిమా వేగం, హోరు పెరిగినకొద్దీ అవకాశాలు తగ్గాయి. మెల్లగా పలకడం ఆయన బలం. మెల్లగా వినే ఓపిక పరిశ్రమలో సన్నగిల్లింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. 1992కు గాను రాష్ట్ర ప్రభుత్వపు రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. పాతికేళ్ళ ముందే దక్కవలసిన గౌరవాలు ఇవి అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. 1999 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. కుమారుల్లో వాసూరావు గారు, కోటి గారు సంగీత దర్శకులుగా పేరు తెచ్చుకున్నారు. రాజ్ కోటి జంట దగ్గర కీబోర్డు వాయించినవారిలో యువకుడైన ఎ.ఆర్. రెహమాన్ ఒకరు.

మీరు ఆయన సంగీతాన్ని ఎక్కడ మొదలుపెట్టాలని ఆలోచిస్తుంటే, ప్రసిద్ధమైన వాటితో కాకుండా బాలసరస్వతీదేవి గారితో పాడిన ప్రైవేటు రికార్డులతో మొదలుపెట్టమని చెబుతాను. సొంత గొంతుతో ఆయన ఎలా పాడతారో తెలిశాక, ఆ పలుకుబడినే భానుమతి గారి చేత 'మనసున మల్లెల'లో, రాజా చేత 'రావోయి చందమామ'లో, ఘంటసాల గారి చేత 'మనసున మనసై'లో, జానకి గారి చేత 'పగలే వెన్నెల'లో ఎలా పలికించారో వరుసగా వినండి. ప్రతి పాటనూ రెండుసార్లు వినడం మంచిది. మొదటిసారి గొంతునే గమనించి, రెండోసారి గొంతు ఆగిన చోట్ల ఏ వాద్యం వస్తోందో, ఎంతసేపు ఉంటోందో, మాట మొదలవగానే ఎలా తప్పుకొంటోందో చూడండి. సంగీతం నేర్చుకుంటున్నవారైతే 'నీవేనా నను తలచినది' పల్లవిని వాద్యాలేవీ లేకుండా, మామూలుగా మాట్లాడే స్థాయిలో పాడి చూడండి. స్వరం పెంచాలనిపించిన ప్రతిచోటా ఆయన వరుస ఎందుకు పెరగలేదో అక్కడే తెలుస్తుంది.